ఆదివారం పేజీలో గళ్లు: నుడికట్టు కూర్చేదెలా?

ప్రయోక్త: సెలవు రోజున వార్తలు పైపైన తిరగేసేవాళ్లు కూడా గళ్లనుడికట్టు దగ్గర పెన్ను పట్టుకుని కూర్చుంటారు. పేపరుకీ ఈ కాలక్షేపానికీ ముడి ఎక్కడ పడిందండీ?

కూర్పరి: పుట్టిందే పేపర్లోనండీ. 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' ఆదివారం వినోద అనుబంధంలో ఆర్థర్ విన్ మొదటిది వేశాడు. న్యూయార్క్ టైమ్స్ 1924లో దీన్ని కాలం దండగని తీసిపారేసింది. చివరికి పెర్ల్ హార్బర్ దాడి జరిగిన రెండు నెలలకు, 1942 ఫిబ్రవరి 15న, తనే మొదలుపెట్టింది. యుద్ధ వార్తల మధ్య పాఠకుడికి కాస్త ఊపిరాడాలి కదా.

ప్రయోక్త: తెలుగులో కూర్చడం ఎంత వేరు?

కూర్పరి: చాలా వేరు. మనకు గుణింతం, ఒత్తు, సున్నాతో సహా గడికొక అక్షరం. 'పత్రిక' మూడు గళ్లు. నడిమి గడిలోంచి నిలువు మాట వెళ్తే అందులోనూ 'త్రి'యే ఉండాలి: రాత్రి, త్రిశూలం... అలాంటివి కొన్నే. అందుకే కొత్తవాళ్లు 9×9తో మొదలుపెట్టాలి. 81 గళ్లలో నల్లవి ఇరవై దాకా చాలు. పొడుగు మాటలు రెండు మూడు ముందు పరిచి, ఆ తర్వాతే నల్లగళ్లు పెట్టుకోండి.

ప్రయోక్త: ఎక్కువగా ఎక్కడ ఇరుక్కుంటారు?

కూర్పరి: అచ్చుల దగ్గర! మన మాటల్లో అచ్చు మొదట్లోనే వస్తుంది, నడుమ దాదాపు రాదు. 'ఆదివారం' అడ్డంగా వేస్తే, ఆ 'ఆ' గడిలోంచి వెళ్లే నిలువు మాట కూడా అక్కడే మొదలవ్వాలి. అంటే దాని పైగడి నల్లదై ఉండాలి, లేదా అది మొదటి వరసై ఉండాలి. 'డు'తో ముగిసే మాటలది ఇంకో తంటా. 'డు'తో మొదలయ్యే మాటలు అరుదు కాబట్టి నిలువు మాట కూడా అక్కడే ముగిసేలా చూడాలి, లేదా 'కడుపు' లాంటిది దాటించాలి.

ప్రయోక్త: మరి ఒకే మాటను రెండు రకాలుగా రాస్తాం కదా?

కూర్పరి: అదే అసలు ప్రమాదం. చిలక, చిలుక రెండూ ఒప్పే, రెండూ మూడు గళ్లే. నడిమి గడిని నిలువు మాట దాటకపోతే రెండు జవాబులూ సరైనవే! బహుమతి పోటీ అయితే ఉత్తరాలు వెల్లువెత్తుతాయి, న్యాయం వాళ్ల వైపే ఉంటుంది. జవాబుకు దారిచూపే ఆధారాల్లోనూ అంతే. 'లక్ష్మీ యంత్రమూ అటూ ఇటూ' అంటే జవాబు 'రమ' (లక్ష్మి) అనా, దాన్ని తిరగేసిన 'మర' (యంత్రం) అనా తేలదు. 'తిరగబడిన లక్ష్మి యంత్రమైంది' అంటే 'మర' ఒక్కటే.

ప్రయోక్త: వార్తల్లోని పేర్లు వాడొచ్చా?

కూర్పరి: వాడొచ్చు, కానీ 'ప్రస్తుత మంత్రి' అని మాత్రం రాయకూడదు. అనుబంధం ముందే అచ్చయిపోతుంది. ఆదివారానికి పదవి మారితే పాఠకుడి చేతికి తప్పు వెళ్తుంది. మొదటి పేజీ వార్తకు చేసే తనిఖీ దీనికీ చేయాలి. పాఠకుడు తన తీరిక మన చేతిలో పెట్టాడు మరి.

ప్రయోక్త: ఆ తనిఖీ ఎలా?

కూర్పరి: యూనికోడ్‌లో రాసిన ఆధారాలు 'అను' ఫాంట్లలోకి (పేజీ కూర్పుకు వాడే, యూనికోడ్ కాని ఫాంట్లు) మార్చినప్పుడు ఒత్తులు రాలిపోతుంటాయి, కాబట్టి అక్షరం అక్షరం చూడాలి. చివర్లో ఒక్క నల్లగడి జరిపినా అడ్డం, నిలువు అంకెలన్నీ మొదట్నుంచి మళ్లీ వేయాలి. తర్వాత, జవాబులు తెలియని మనిషికి ఖాళీ ప్రింటు ఇచ్చి పెన్నుతో పూర్తి చేయించండి. ఎక్కడ కొట్టివేత పడిందో అక్కడి ఆధారం తిరగరాయాలి. వచ్చే వారం వేసే జవాబుల గడి కూడా ఆ దిద్దిన కాపీ నుంచే తీయాలి, పాత ఫైలు నుంచి కాదు.