అవ్వ దిండు కింద సగం గోలీలు

అందరికీ నమస్కారం. నల్గొండ చుట్టుపక్కల వృద్ధాశ్రమాలకు పదకొండేళ్లుగా నర్సుగా వెళ్తున్నాను. ఈరోజు ఒక అవ్వ గురించి చెప్తాను. మర్రిగూడ వైపు మనిషి. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేదు. కర్ర ఆనించి, చిన్న చిన్న అడుగులు వేస్తూ ఒళ్లంతా మన వైపు తిప్పుకుంటుంది. అంతదాకా ఆగి మాట్లాడాలని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

ఆమె రికార్డులో కీళ్ల నొప్పులు, బీపీ, వయసు 70 అని ఉంది, అంతే. వయసు మీద పడింది, నొప్పులు మామూలే అనుకుంటాం. కానీ అదే ఆశ్రమంలో అదే వయసున్న టీచర్ గారి భార్య మెట్లు ఎక్కి దిగుతుంది.

నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఎన్నో దశాబ్దాల కిందటే బయటపడింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పే. ఊరంతా అవే నీళ్లు తాగినా దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. ఎండలో పత్తి చేలో కలుపు తీసేవాళ్లు ఎక్కువ నీళ్లు తాగుతారు. తిండిలో పాలు, కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది. అవ్వ ఇంట్లో బర్రె ఉండేది, పాలు మాత్రం పాల కేంద్రానికి పోయేవి. "పిల్లలకే చుక్క దక్కలే, నాకెక్కడిది బిడ్డా" అంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చేసరికి ఎముకలు బిగుసుకుపోయాయి. అవి మళ్లీ వదులు కావు.

అవ్వ ఒక్కతే కాదు. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు తాతలు, కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టారు. ఏడాదికో చోట ఉండే మనిషికి బీపీ ఎవరు చూస్తారు?

అవ్వకు బీపీ తగ్గట్లేదని డాక్టర్ డోసు పెంచారు. అయినా తగ్గలేదు. ఒకరోజు దిండు గలీబు మారుస్తుంటే కాగితం పొట్లం దొరికింది. అన్నీ సగం గోలీలు. ఆశ్రమంలో మందులు ఉచితమే కదా అవ్వా అంటే, "రేపు ఇంటికి పోతే కొడుకును అడగకుండా ఉండాలె" అంది. ఆమె పింఛన్ 2,016 రూపాయలు ఆ కొడుకే తీసుకుంటాడు. తల్లిదండ్రులను పిల్లలు పోషించాలనే 2007 చట్టం కింద ఆర్డీఓ దగ్గరికి పోవచ్చని చెప్పాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆశ్రమాలు నడిపేవాళ్లను, డాక్టర్లను నేను అడిగేది ఒక్కటే. బీపీ, షుగర్ రాసుకునే చోటే ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో, ఏం పని చేశారో, మందులు ఎవరు కొనేవారో కూడా అడిగి రాయండి.

అవ్వ కోసం ఒక నెల గోలీలు డబ్బాలో వేసి, "ఇవి నువ్వు ఇంటికి పోయే రోజుకు" అని చెప్పి, మెడ ఎత్తకుండానే కనబడే గూట్లో పెట్టాం. రెండు నెలలైంది. దిండు కింద ఏమీ దొరకలేదు.