కొత్త ఎర్ర ధర్మవరం పట్టు చీర

అధ్యక్షులకు, పెద్దలకు, తోటి ఇంగ్లీషు టీచర్లకు నమస్కారం. నాకిచ్చిన అంశం ఇంగ్లీషులో విశేషణాల వరుస. ముందు ఒక పిల్ల సంగతి చెప్పనివ్వండి. ఇరవై ఏళ్లుగా మనసులో ఉండిపోయింది.

అప్పట్లో ధర్మవరం దగ్గర ఒక బడిలో చేసేదాన్ని. తనిఖీకి వచ్చిన ఒక అధికారి తొమ్మిదో తరగతిలో మగ్గం నేసేవాళ్ల పిల్లను లేపి, ఈ వరుస ఒప్పజెప్పమన్నారు. అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, పుట్టిన చోటు, పదార్థం, ఉపయోగం. నాలుగు చెప్పి ఆగిపోయింది. బోర్డు మీద రాయమంటే టెన్షన్‌లో ‘సిల్క్ రెడ్ న్యూ శారీ’ అని రాసింది. ‘వీళ్లకి ఇంగ్లీషు రాదు’ అని అందరి ముందూ అనేసి ఆయన వెళ్లిపోయారు. పిల్ల సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మధ్యాహ్నం పిలిచి అడిగాను, ‘మీ అక్క పెళ్లికి ఏం చీర కట్టుకుందమ్మా?’

‘కొత్త ఎర్ర ధర్మవరం పట్టు చీర మేడం.’

తడుముకోలేదు. ఒక్కో మాట కిందా ఇంగ్లీషు మాట పెట్టమన్నాను. న్యూ రెడ్ ధర్మవరం సిల్క్ శారీ. వయసు, రంగు, చోటు, పదార్థం! ఆ పట్టిక ఆమె నోట్లోనే ఉంది.

మీరూ ఒకసారి పైకి అనండి: ‘పట్టు ఎర్ర కొత్త చీర’. నోటికి ఎబ్బెట్టుగా లేదూ? వస్తువు దేనితో చేశారన్నది దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, మనకేమనిపించిందన్నది దూరంగా, ముందు నిలుస్తుంది. ‘చక్కని ఇత్తడి బిందె’ అంటాం, ‘ఇత్తడి చక్కని బిందె’ అనం. ఇంగ్లీషుదీ ఇదే దారి.

తేడాలు లేవనను. మనం ‘పాత పెద్ద బిందె’ అన్నా చెల్లుతుంది, వాళ్లు పరిమాణమే ముందు చెబుతారు: ‘బిగ్ ఓల్డ్’. ‘అమ్మ ఇచ్చిన బిందె’లో ‘అమ్మ ఇచ్చిన’ ఇంగ్లీషులో బిందె తర్వాతికి పోతుంది. పిల్లలు తడబడేది అక్కడ, మన సమయం పెట్టాల్సిందీ అక్కడే. ఆ పట్టికైనా శాసనం కాదు. దాని ప్రకారం ‘బ్యాడ్’ ముందు రావాలి, కానీ ఇంగ్లీషువాళ్ల కథల్లో తోడేలు ‘బిగ్ బ్యాడ్ వుల్ఫ్’.

ఇదంతా ఆ రోజే ఆ అధికారికి చెప్పాల్సింది. నేను నోరు విప్పలేదు. అందుకే ఇవాళ మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను: రేపు క్లాసులో పట్టిక తెరిచే ముందు, మీ ఇంట్లో ఏమున్నాయో చెప్పమని పిల్లల్ని అడగండి.