క్రియకు తోడెవరు?

సభకు నమస్కారం. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, నాలుగు ఆప్షన్లలో రెండింటికి తెలుగు అర్థం ఒకటే అయితే ఏది పెట్టాలి?" బ్యాంకు పరీక్షలు కానివ్వండి, టోఫెల్, జీఆర్ఈ కానివ్వండి, నేను దిద్దిన నమూనా పేపర్లలో మార్కులు ఎక్కువగా పోయింది తెలియని పదాల దగ్గర కాదు, బాగా తెలుసనుకున్న ఆంగ్ల క్రియల దగ్గరే. అందుకే ఈ పూట ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను.

ముందు మన ఇంట్లో మాటలు గమనించండి. "తలుపు వేయి" అంటే మూస్తాం, "ఫ్యాను వేయి" అంటే తిరిగేలా చేస్తాం. "తలుపు తీయి" అంటే తెరుస్తాం, "లైటు తీసేయి" అంటే ఆర్పేస్తాం. వేయడం, తీయడం అన్న క్రియలకు పక్కనున్న నామవాచకాన్ని బట్టి అర్థం తలకిందులవుతున్నా ఐదేళ్ళ పిల్లవాడు కూడా పొరబడడు. చొక్కా తొడుక్కుంటాం, చీర కట్టుకుంటాం, బొట్టు పెట్టుకుంటాం. ఆంగ్లంలో ఈ మూడింటికీ వేర్ అనే ఒక్క క్రియ సరిపోతుంది. కొత్తగా తెలుగు నేర్చుకునే విదేశీయుడు "చొక్కా కట్టుకున్నాను" అంటే అర్థం తెలియక కాదు, ఆ క్రియ ఏ మాటతో కలుస్తుందో తెలియక తప్పాడని మనకు వెంటనే తెలుస్తుంది. ఆంగ్ల పరీక్షలో మనం చేసే తప్పూ సరిగ్గా ఇలాంటిదే.

ఒక పదాన్ని దానితో కలిసి తిరిగే పదాలను బట్టి తెలుసుకోవాలని బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1957లో రాశారు. ఆయన 1930ల చివర్లో మన దేశానికి వచ్చి గుజరాతీతో పాటు తెలుగును కూడా పరిశోధించారన్న సంగతి తలచుకుంటే నాకు చాలా సంతోషం కలుగుతుంది. ఆయన మాట ఎంత నిజమో నలభై ఏళ్ళకు ఒక ప్రయోగం చూపించింది. టోఫెల్‌లోని 80 పర్యాయపద ప్రశ్నలను థామస్ లాండవర్, సూసన్ డ్యుమే అనే పరిశోధకులు ఒక కంప్యూటర్ ప్రోగ్రాముకు ఇచ్చి, ఆ ఫలితాలను 1997లో ప్రకటించారు. దానికి నిఘంటువు ఇవ్వలేదు, వ్యాకరణం నేర్పలేదు. ఒక విజ్ఞాన సర్వస్వంలో ఏ పదాలు ఏ సందర్భాల్లో కలిసి వచ్చాయో మాత్రమే లెక్క కట్టించారు. అది 64.4 శాతం సరిగ్గా గుర్తించింది. అమెరికా కళాశాలల్లో చేరగోరిన, ఆంగ్లం మాతృభాష కాని అభ్యర్థుల సగటు 64.5 శాతం.

ఆ ప్రశ్నల్లో ఒకటి చూడండి. లెవీడ్ అన్న మాటకు ఇంపోజ్డ్, బిలీవ్డ్, రిక్వెస్టెడ్, కోరిలేటెడ్ అనే నాలుగింటిలో దగ్గరిది ఏది? సమాధానం ఇంపోజ్డ్. రెండింటికీ "విధించారు" అని రాసుకుని ముందుకు వెళ్ళిపోతే ఈ ప్రశ్న వరకు ఇబ్బంది లేదు. కానీ తెలుగులో పన్ను, జరిమానా, కర్ఫ్యూ, జైలుశిక్ష అన్నిటినీ "విధిస్తాం". ఇంపోజ్ వాటన్నిటితోనూ కుదురుతుంది. లెవీ మాత్రం పన్ను, రుసుము, జరిమానా వంటి డబ్బు వ్యవహారాలతోనే చక్కగా కలుస్తుంది, కర్ఫ్యూతో కలవదు. ఖాళీ పక్కన కర్ఫ్యూ ఉంటే ఇక ఆలోచించవలసిన పనే లేదు.

రైజ్, రెయిజ్ అనే జంట దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ తెలుగే మనకు పెద్ద ఆసరా. ఒక విద్యార్థిని "ప్రభుత్వం పింఛను పెంచింది" అన్న వాక్యానికి రైజ్ భూతకాల రూపమైన రోజ్ అని రాసింది. "అమ్మా, ప్రభుత్వం పింఛను పెరిగింది అని ఎప్పుడైనా అన్నావా?" అని అడిగాను. పెన్ను తీసుకుని తనే కొట్టేసి రెయిజ్డ్ అని దిద్దుకుంది. పెరుగు, పెంచు, దిగు, దించు, మునుగు, ముంచు: తనంతట జరిగేదానికి ఒకటి, ఎవరో జరిపించేదానికి ఒకటిగా మన భాషలో ఇలాంటి జంటలు ఎన్నో ఉన్నాయి. ఆంగ్లంలో ఇవి తక్కువ కాబట్టే పరీక్షలో పదేపదే వస్తాయి. లై అంటే పడుకోవడం, లే అంటే పడుకోబెట్టడం. చిక్కల్లా లై అనే క్రియకు భూతకాల రూపం కూడా లే కావడమే. అందుకని నిన్న, మొన్న వంటి కాలసూచక పదాలు వాక్యంలో ఉన్నాయేమో ముందు చూసుకోవాలి.

రిఫ్యూజ్, డినై రెండింటికీ మన పుస్తకాలు "నిరాకరించు" అని అర్థం ఇస్తాయి. దాన్ని పక్కన పెట్టి వాడుక మాటతో పోల్చండి. "వెళ్ళనన్నాడు" అంటే రిఫ్యూజ్, "వెళ్ళలేదన్నాడు" అంటే డినై. మొదటిది ఇకముందు చేయబోని పని, దాని తర్వాత టూ వస్తుంది. రెండోది జరిగిందంటున్న పని, దాని తర్వాతి క్రియకు ఇంగ్ చేరుతుంది. అనుమతి ఇవ్వకపోవడం అన్న సందర్భంలో మాత్రం రెండూ చెల్లుతాయి. మంచి పరీక్షకుడు అక్కడ ఆ రెండింటినీ కలిపి ఇవ్వడు. రాబ్ (దోచుకోవడం), స్టీల్ (దొంగిలించడం) విషయం ఇంకా తేలిక: రాబ్ తర్వాత మనిషో బ్యాంకో, స్టీల్ తర్వాత పోయిన సొమ్ము.

అందువల్ల నోటుపుస్తకంలో ఆంగ్ల క్రియ, దాని ఎదుట తెలుగు అర్థం అని రెండు గళ్ళు గీసుకునే పద్ధతిని దయచేసి మానండి. క్రియ ఎదుట అది కలిసే నామవాచకాలు మూడో నాలుగో, వెనుక వచ్చే టూ, ఫ్రమ్ వంటి చిన్న మాట, ఒక పూర్తి వాక్యం రాసుకోండి. రోజుకు ఇరవై పదాలు బట్టీ పట్టేకన్నా ఇలా నాలుగు రాసుకోవడమే మేలని నా గట్టి నమ్మకం.

మీ చేతిలో ఉన్న కాగితంలో మొదటి ప్రశ్నకు రైజ్, రెయిజ్, అరైజ్ మూడూ ఇచ్చాను. సూర్యుడు ఉదయిస్తాడు, సభ్యుడు ప్రశ్నను లేవనెత్తుతాడు, సమస్య తలెత్తుతుంది. ఖాళీకి ముందున్న కర్త ఎవరో, తర్వాత కర్మ ఉందో లేదో చూసి, రెండు నిమిషాల్లో సమాధానం రాయండి. ఆ తర్వాత అందరం కలిసి దిద్దుకుందాం.