‘ప్రధాన’ అనే ఒక్క మాట

[దృశ్యం: విమాన వాహక నౌక మీదికి దిగుతున్న చిన్న జెట్]

2003 మే 1. కాలిఫోర్నియా తీరానికి దగ్గరలో ‘అబ్రహాం లింకన్’ నౌక. జెట్ నుంచి పైలట్ దుస్తుల్లో దిగిన వ్యక్తి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్. తర్వాత సూటు వేసుకుని వచ్చి, ఇరాక్‌లో ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించారు. వెనక పెద్ద బ్యానర్: ‘లక్ష్యం నెరవేరింది’.

[దృశ్యం: బ్యానర్ మీద ఆగిన కెమెరా]

ఆ ప్రసంగంలో బ్యానర్ మీది మాటలు లేవు. ఇంకా కష్టమైన పని మిగిలి ఉందని కూడా బుష్ అన్నారు. కానీ జనం మనసులో నిలిచింది ఆ బ్యానరే. యుద్ధ సామగ్రిని ఒక ప్రసంగం తళుకు కోసం వాడుకోవడం మరణించిన, గాయపడిన సైనికులకు అవమానమని డెమొక్రాట్ సెనేటర్ రాబర్ట్ బర్డ్ సభలోనే మండిపడ్డారు. అక్టోబరులో బుష్ ఆ బ్యానర్ నావికులు పెట్టుకున్నదన్నారు. తయారు చేయించింది తామేనని వైట్‌హౌస్ ఒప్పుకోక తప్పలేదు.

బ్యానర్ మీద అంత రగడ జరిగింది కానీ, నన్ను కలవరపెట్టేది ‘ప్రధాన’ అనే మాట. పోరు పూర్తిగా ఆగిపోతే యుద్ధఖైదీలను విడుదల చేయాలని జెనీవా ఒప్పందం చెబుతోంది. ‘ప్రధాన పోరాటం’ అంటే ఆ బాధ్యత మీద పడదు, గెలిచిన పేరు మాత్రం దక్కుతుంది. అదే రోజు కాబూల్‌లో రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ అఫ్గానిస్థాన్ గురించి కూడా ఇలాంటి మాటే చెప్పారు. అక్కడి నుంచి అమెరికా సైన్యం బయటపడింది 2021లో.

[దృశ్యం: బాగ్దాద్ వీధులు]

గెలిచేశామన్న ధీమా ఎంత దూరం తీసుకెళ్లిందో చూడండి. మే 23న బాగ్దాద్‌లోని అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్ ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశారు. ఆయుధం పట్టడం తెలిసిన లక్షల మంది ఒక్క ఉత్తర్వుతో వీధిన పడ్డారు. ఆగస్టులో ఐక్యరాజ్యసమితి కార్యాలయం మీద బాంబు దాడి జరిగి, ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా డి మెలో సహా 22 మంది మరణించారు. మరుసటి ఏడాది ఫలూజా నగరం కోసం రెండుసార్లు భీకరంగా పోరాడవలసి వచ్చింది.

నౌక మీది ప్రసంగం నాటికి మరణించిన అమెరికా సైనికులు 140 మంది వరకు. 2011 డిసెంబరులో సైన్యం ఇరాక్ వదిలేనాటికి ఆ సంఖ్య 4,500కు చేరువైంది. ఇరాకీ పౌరుల మరణాలు లక్ష దాటాయి.

[దృశ్యం: ఖాళీ వేదిక]

2009 జనవరిలో, పదవి వీడే ముందు, ఆ బ్యానర్ పెట్టడం పొరపాటని బుష్ ఒప్పుకున్నారు. ఆ రోజుకు కూడా ఇరాక్‌లో లక్షకు పైగా అమెరికా సైనికులు ఉన్నారు.