హాంబర్గ్ ఎర్ర గోదాములు: ఆ ఇటుకల కింద ఎవరి ఇళ్లుండేవి?

నమస్కారం అండీ. జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు హాంబర్గ్ వెళ్తే తప్పకుండా ఫొటో దిగే చోటు ఒకటుంది. కాలువకు రెండు వైపులా ఎత్తైన ఎర్ర ఇటుక గోదాములు, పైన ఆకుపచ్చగా మారిన రాగి కప్పులు, మధ్యలో ఇనుప వంతెనలు. అదే ష్పైషర్‌స్టాట్. ఎల్బే నది ఒడ్డున ఉన్న ఈ రేవు ప్రాంతాన్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దీని అందం మీరు చాలా వీడియోల్లో చూసే ఉంటారు. ఈ గోదాములు లేవకముందు ఇక్కడ బతికిన మనుషుల గురించి ఇవాళ మాట్లాడుకుందాం.

1883 దాకా ఇక్కడ రెండు పేటలుండేవి. ఒకటి కేర్‌వీడర్. రేవు కూలీలు, పడవవాళ్లు, చేతివృత్తులవాళ్లు ఇరుకు ఇళ్లలో ఉండేవాళ్లు. రెండోది వాండ్రామ్. అక్కడ వ్యాపారుల పాతకాలపు పెద్ద పెద్ద భవంతులు. ఈ రెండూ ఎందుకు పోయాయో అర్థం కావాలంటే కస్టమ్స్ గొడవ తెలియాలి.

1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడినా హాంబర్గ్ మాత్రం దాని సుంకాల పరిధిలోకి రాలేదు. ఓడల్లో వచ్చే సరుకుకు పన్ను లేకపోవడమే ఆ ఊరి వ్యాపారానికి ప్రాణం. సామ్రాజ్య ప్రభుత్వాన్ని నడుపుతున్న ఛాన్సలర్ బిస్మార్క్ ఒత్తిడి పెట్టాడు. చివరికి 1881లో ఒప్పందం కుదిరింది: ఊరు సుంకాల పరిధిలోకి వస్తుంది, రేవులో కొంత భాగం మాత్రం పన్ను లేకుండా మిగులుతుంది. అక్కడ సరుకు దించుకోవచ్చు, నిల్వ చేయవచ్చు, శుభ్రం చేసి మళ్లీ విదేశాలకు పంపవచ్చు. దీనికి బెర్లిన్ నుంచి 4 కోట్ల మార్కుల సాయం కూడా వచ్చింది. మరి గోదాములు ఎక్కడ కట్టాలి? వ్యాపారులకు దగ్గరగా ఉండాలి, నీటి ఒడ్డునే ఉండాలి. చూపు ఈ రెండు పేటల మీద పడింది.

దాదాపు 20 వేల మందిని ఖాళీ చేయించారు. అద్దెకున్నవాళ్లకు ఇంకో ఇల్లు చూపించే ఏర్పాటే లేదు. 1888 అక్టోబర్ 29న చక్రవర్తి రెండో విల్హెల్మ్ వచ్చి ఘనంగా ప్రారంభోత్సవం చేశాడు. కట్టడం పని ఆ తర్వాత కూడా 1920ల దాకా సాగింది.

ఆ మనుషులు ఎక్కడికి వెళ్లారు? డబ్బున్నవాళ్లు ఊరి బయట మంచి ఇళ్లు చూసుకున్నారు. రేవు కూలీకి ఆ అవకాశం ఎక్కడిది? ఏ రోజు పని ఆ రోజే, పొద్దున్నే రేవు దగ్గర నిలబడితేనే కూలి. అందుకని చాలామంది దగ్గర్లోని గెంగెఫియెర్టెల్ అనే సందుల్లోనే సర్దుకున్నారు. అప్పటికే కిక్కిరిసిన చోటు అది. 1892 వేసవిలో కలరా వచ్చింది. హాంబర్గ్ అప్పటికీ ఎల్బే నీటిని వడకట్టకుండానే కుళాయిల్లోకి వదులుతోంది. పక్కనే ఉన్న ఆల్టోనా ఊరు అదే నది నీళ్లను ఇసుకలో వడకట్టి వాడుతోంది, అక్కడ చావులు చాలా తక్కువ. హాంబర్గ్‌లో సుమారు 8,600 మంది పోయారు. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. గోదాముల మీద కోట్లు పెట్టిన ఊరు నీళ్లు వడకట్టే పనిని అన్నేళ్లు వాయిదా వేసింది.

1896 నవంబర్‌లో రేవు కూలీలు సమ్మెకు దిగారు. వేల మంది దాదాపు 11 వారాలు నిలబడ్డారు. 1897 ఫిబ్రవరిలో ఓడిపోయి పనిలోకి వెళ్లారు.

ఇక గోదాముల లోపలి పని. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. ప్రతి గోదాముకూ ఒకవైపు వీధి, ఇంకోవైపు కాలువ. సముద్రం వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఎల్బేలో ఆటుపోట్లు ఇక్కడిదాకా వస్తాయి. పోటు చూసుకుని పడవవాళ్లు గెడ వేసి సరుకు పడవలను కాలువల్లోకి తెచ్చేవాళ్లు. కప్పు కింద ఉండే వించ్, అంటే తాడుతో బరువు పైకి లాగే యంత్రం, బస్తాను పైఅంతస్తుకు లాగేది. మొదట్లో ఈ వించ్‌లు నీటి ఒత్తిడితో నడిచేవి. కాఫీ, టీ, కోకో, మసాలాలు, పొగాకు, తర్వాత ఇరాన్ తివాచీలు. మందపాటి ఇటుక గోడల వల్ల లోపల వేడి, చలి పెద్దగా మారవు కాబట్టి సరుకు పాడయ్యేది కాదు. సరుకు తూచి, నమూనా తీసి, రకాలుగా వేరుచేసే నిపుణులను క్వార్టియర్స్‌లాయిటె అనేవాళ్లు. మామూలుగా నలుగురు కలిసి ఒక సంస్థ పెట్టి, ఒకరి పేరు మీద నడిపేవాళ్లు. కాఫీ గింజలు ఏరే పని మాత్రం ఆడవాళ్లది, తక్కువ కూలికి. జాండ్‌టోర్‌కై వీధిలోని ష్పైషర్‌స్టాట్ మ్యూజియంలో ఆ పనిముట్లన్నీ ఉన్నాయి. హాంబర్గ్ వెళ్తే అక్కడ ఒక గంట గడపండి.

యునెస్కో గుర్తింపు గోదాములకు ఒక్కటే కాదు, పక్కనున్న ఆఫీసు భవనాల పేట కొంటోర్‌హౌస్‌కు కూడా వచ్చింది. ఓడ ముక్కులా మొన తేలిన చీలేహౌస్ భవనం అక్కడిదే. 1924లో పూర్తయింది, ఆర్కిటెక్ట్ ఫ్రిట్జ్ హ్యోగర్. ఆ పేట కూడా కలరా తర్వాత కూల్చేసిన పాత సందుల మీదే లేచింది. అంటే ఈ వారసత్వ స్థలంలో రెండు భాగాలూ పేదల ఇళ్లు పోయిన చోటే ఉన్నాయి. టూరిస్టు గైడ్‌లు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలని నా కోరిక.

రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల్లో గోదాములు సగం దాకా పోయాయి. వెర్నర్ కల్‌మోర్గెన్ అనే ఆర్కిటెక్ట్ చేతుల మీదుగా 1960ల దాకా మళ్లీ కట్టారు. ఆ పని ముగిసేసరికే కంటైనర్ ఓడలు వచ్చాయి, బస్తాల కాలం వెళ్లిపోయింది. రేవు నదికి అవతలి ఒడ్డుకు మారింది. పక్కనున్న పాత రేవు నేలలో, 157 హెక్టార్లలో, హాఫెన్‌సిటీ అనే కొత్త పేట కడతామని 1997లో ప్రకటించారు. కల్‌మోర్గెనే కట్టిన ఒక కోకో గోదాము మీద ఎల్బ్‌ఫిల్హార్మొనీ సంగీత మందిరం లేచింది. 80 కోట్ల యూరోలకు పైగా ఖర్చయి, 2017లో తెరుచుకుంది.

అదే 2017లో హాఫెన్‌సిటీలోని లోజెపార్క్‌లో ఒక స్మారకం కూడా తెరిచారు. ఒకప్పుడు అక్కడ హానోవర్ స్టేషన్ ఉండేది. 1940 నుంచి 1945 మధ్య 8 వేల మందికి పైగా యూదులను, సింతీ, రోమా ప్రజలను అక్కడి నుంచే రైళ్లలో నిర్బంధ శిబిరాలకు తరలించారు. సంగీత మందిరం చూసినవాళ్లు అక్కడికీ నడవండి, దూరమేమీ కాదు.

హాఫెన్‌సిటీలో మొదట కట్టిన ఇళ్లు డబ్బున్నవాళ్లకే అందాయి. దాని మీద విమర్శలు వచ్చాక, తర్వాతి భాగాల్లో మూడో వంతు ఇళ్లు ప్రభుత్వ సాయంతో తక్కువ అద్దెకు ఇవ్వాలన్న నిబంధన పెట్టారు. మంచి పనే. మొదటి ఇటుక వేసిన రోజు నుంచే ఆ నిబంధన ఉండాల్సింది.