ఎలా తెలిసింది?

అందరికీ నమస్కారం. "వాడు ఊరెళ్ళాడు", "వాడు ఊరెళ్ళాడట". ఈ రెంటికీ తేడా మీకు చెప్పక్కర్లేదు. 'అట' తగిలించామంటే, నేను చూళ్ళేదు, ఎవరో చెప్తే విన్నాను, రేపు అబద్ధమని తేలితే నన్ననకండి అని చేతులు దులుపుకున్నట్టే. మనం ఆ మాట పెడితే పెడతాం, లేకపోతే లేదు. తరియానాలో ఆ వెసులుబాటు లేదు.

తరియానా అరవాక్ కుటుంబం భాష. బ్రెజిల్ వాయవ్య మూల, వావుపెస్ నది వైపు, మాట్లాడేవాళ్ళు ఓ వంద మంది. "తమ్ముడు చేపలకెళ్ళాడు" అనాలనుకోండి. వెళ్తుంటే చూశారా, క్రియకి 'క' తగిలించాలి. చూళ్ళేదు గానీ తెడ్డు చప్పుడు విన్నారా, 'మహ్క'. రేవులో పడవ లేదు కాబట్టి వెళ్ళుంటాడు అంటే 'నిహ్క'. రోజూ ఈ వేళకి వెళ్తాడుగా అంటే 'సిక'. ఎవరో చెప్పారంటే 'పిదక'. మన 'అట' ఈ చివరిదొక్కటే. (వాట్సాప్ ఫార్వర్డులకి 'పిదక' తప్పనిసరి చేస్తే ఎంత బాగుండేదో!)

పెళ్ళిళ్ళ సంగతి ఇంకా తమాషా. మనలో సగోత్రం కుదరదంటాం చూడండి, అక్కడ ఒకే భాషవాళ్ళకి కుదరదు, వాళ్ళంతా అన్నాచెల్లెళ్ళ లెక్క. నాన్న భాషే నీ భాష, అమ్మది వేరే. అందుకే ప్రతివాడికీ మూడు నాలుగు భాషలొచ్చు, కానీ ఒకదాంట్లో ఇంకోదాని మాటలు కలిపితే నామోషీ. మాటల్ని ఇంతలా కాపలా కాశారా, వ్యాకరణం మాత్రం పొరుగున ఉన్న తుకానో భాష నుంచి సందు చూసుకుని దూరింది. ఇందాక చెప్పిన ప్రత్యయాల పద్ధతి కూడా చాలావరకు ఆ ప్రభావమేనని అలెగ్జాండ్రా ఐఖెన్వాల్డ్ అంటారు. 1990ల నుంచి వాళ్ళతో పనిచేసి, 2003లో తరియానా వ్యాకరణం అచ్చువేసిన మనిషి ఆవిడ.

మరి ఇన్నాళ్ళు నిలిచిన భాష ఇప్పుడెందుకు పోతోంది? 1920ల్లో సలేసియన్లనే క్యాథలిక్ మిషనరీలు వచ్చారు. ఇన్ని భాషలేంటి, ఒకటి చాలన్నారు, ఆ ఒకటి తుకానో అయింది. పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్ళలో వేశారు. నాకు వీటికంటే పెద్ద దెబ్బ అనిపించేది ఇళ్ళ సంగతి. అంతకుముందు అన్నదమ్ముల కుటుంబాలన్నీ ఒకే పొడుగాటి ఇంట్లో ఉండేవి, అంటే నాన్న ఊళ్ళో లేకపోయినా పెదనాన్న, బాబాయిల నోట పొద్దస్తమానం అదే భాష పిల్లల చెవిన పడేది. ఆ ఇళ్ళు పోయి ఎవరి ఇల్లు వాళ్ళకయ్యాయి. నాన్న కూలికి దూరం వెళ్తే ఇంట్లో మిగిలేది అమ్మ, అమ్మ భాష.

2002లో అక్కడి సావ్ గాబ్రియెల్ మున్సిపాలిటీ పోర్చుగీసుతో పాటు మూడు స్థానిక భాషలకి అధికార హోదా ఇచ్చింది: న్యెంగాతు, తుకానో, బనివా. బనివా తరియానాకి దగ్గర చుట్టం. తరియానా పేరు మాత్రం అందులో లేదు.