ఒక పూట సూప్‌కు సరితూగిన పద్యపాదం

శ్రోతలకు నమస్కారం. ఆపదలో చదువు మనిషికి ఎంతవరకు అక్కరకు వస్తుందన్న ప్రశ్న సాహిత్య సభల్లో తరచుగా వినబడుతూనే ఉంటుంది. ఆ ప్రశ్నకు నాజీల నిర్బంధ శిబిరంలో జవాబు వెతుక్కోవలసి వచ్చిన ఇద్దరు యూదు రచయితల గురించి, వారిలో ఒకరు రాసినదానికి మరొకరు ఇరవై ఏళ్ల తరువాత ఇచ్చిన బదులు గురించి ఈ పూట మాట్లాడదలచుకున్నాను.

ప్రీమో లెవీ 1919లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో పుట్టి, రసాయనశాస్త్రం చదివారు. 1943 డిసెంబరులో ఫాసిస్టులకు పట్టుబడి, మరుసటి ఫిబ్రవరిలో నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి చేరారు. ఆయనను ఉంచిన, ఆష్విట్జ్‌లో భాగమైన మోనోవిట్జ్ శిబిరంలోని ఖైదీల చేత అక్కడి కృత్రిమ రబ్బరు కర్మాగారానికి వెట్టిచాకిరీ చేయించేవారు. ప్రాణాలతో తిరిగివచ్చిన లెవీ, ‘ఇతడే మనిషైతే’ అని అర్థం వచ్చే పేరుతో తన అనుభవాన్ని రాస్తే, ట్యూరిన్‌లోని పేరున్న ప్రచురణ సంస్థ దానిని తిప్పి పంపింది. వద్దన్నవారిలో నతాలియా గింజ్‌బుర్గ్ ఒకరు. ఆమె కూడా యూదు కుటుంబంలో పుట్టిన రచయిత్రి. భర్తను 1944లో రోము జైలులో పోగొట్టుకున్న మనిషి. గాయం పచ్చిగా ఉన్నప్పుడు అద్దంలో చూసుకోవడానికి మనసొప్పలేదేమోనని నాకనిపిస్తుంది. చివరకు ఒక చిన్న ప్రచురణకర్త 1947లో 2,500 ప్రతులు అచ్చువేశారు. అమ్ముడుపోని ఆరువందల ప్రతులు ఫ్లోరెన్స్‌లోని ఒక గోదాములో పడి ఉండి, 1966 వరదలో మునిగిపోయాయి. అందులో ఒక అధ్యాయం పేరు ‘మునిగినవారు, తేలినవారు’ కావడం యాదృచ్ఛికమే అయినా, తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అదృష్టవశాత్తు అప్పటికే, 1958లో, తొలుత కాదన్న సంస్థే ఆ పుస్తకాన్ని మళ్లీ వేసింది.

ఆ పుస్తకంలో ఒక మధ్యాహ్నం ఉంది. సూప్ గంగాళం మోసుకురావడానికి లెవీని, ఫ్రాన్సులోని అల్సాస్ నుంచి వచ్చిన జాఁ అనే కుర్రవాడిని వంటశాలకు పంపుతారు. వంటశాల కిలోమీటరు దూరం. జాఁకు ఇటాలియన్ నేర్చుకోవాలని కోరిక. ఎందుకు తోచిందో ఏమో గాని, లెవీ అతనికి ఇటలీ మహాకవి దాంతే ‘నరకం’లోని ఇరవై ఆరో సర్గ, గ్రీకు వీరుడు యులిసీస్ చివరి సముద్రయానం, అప్పజెప్పడం మొదలుపెడతారు. బడిలో కంఠస్థం చేసిన పాదాలు ఒకటి వస్తే రెండు రావు. వచ్చినవాటిని తడుముకుంటూ ఫ్రెంచిలోకి మారుస్తారు. మీరు పశువుల్లా బతకడానికి పుట్టలేదని యులిసీస్ తన నావికులతో చెప్పే చోటికి వచ్చేసరికి, ఆ మాటను తానే మొదటిసారి విన్నట్టు లెవీ ఒక్కసారి ఉలిక్కిపడతారు. తెగిపోయిన రెండు పాదాలను కలిపే మాట గుర్తుకు వస్తే ఈ పూట సూప్ ఇచ్చేస్తానని అనుకుంటారు. పద్యం నాలుక చివరనే ఉండి రాని బాధ మనలో చాలామందికి తెలుసు. దాని కోసం పూటకూడు వదులుకోవడం మాత్రం తెలియదు. అంతలో సూప్ కోసం నిలబడే వరుస వస్తుంది. ఆనాటి సూప్ క్యాబేజీ, టర్నిప్ అని ఎవరో ప్రకటిస్తారు.

అదే మోనోవిట్జ్‌లో ఉన్న రెండో రచయిత జాఁ అమెరీ. 1912లో వియన్నాలో హాన్స్ మేయర్‌గా పుట్టి, యుద్ధం తరువాత తన ఇంటిపేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి ఫ్రెంచి పేరు పెట్టుకున్న మనిషి. 1966లో వెలువడిన తన వ్యాస సంపుటిలో ఆయన ఒక సాయంకాలాన్ని వర్ణించారు. పని ముగించి తిరిగివస్తుండగా, సగం కట్టిన భవనం ముందు ఎగురుతున్న జెండాను చూసి, జర్మన్ కవి హోల్డర్లిన్ కవిత ఒకటి అప్రయత్నంగా నోటికి వచ్చింది. మళ్లీ పైకి చదువుకున్నారు. గుండె కదులుతుందని ఎదురుచూస్తే ఏమీ కదలలేదు. కాపో, అంటే ఖైదీల మీద పెత్తనం అప్పగించిన ఖైదీ, ‘ఎడమకు’ అని అరిచాడు, సూప్ నీళ్లలా ఉంది, కవిత ఉత్త మాటల వరుసగా మిగిలిపోయింది. శిబిరంలో చదువు పనికిరాకపోగా అదనపు భారమైందని అమెరీ తేల్చారు.

అమెరీ 1978లో ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన ఒక ఉత్తరంలో లెవీని ‘క్షమించేవాడు’ అని పిలిచారు. ఆ మాటను తాను తిట్టుగానూ పొగడ్తగానూ తీసుకోవడం లేదనీ, అది కచ్చితమైన మాట కాదనీ లెవీ తరువాత రాశారు. రంగుల కర్మాగారంలో ఏళ్ల తరబడి పనిచేసిన రసాయనవేత్త నోట వినదగిన జవాబే అది.

అసలు బదులు 1986లో వచ్చిన ‘మునిగినవారు, తేలినవారు’లో ఉంది. పాత అధ్యాయం పేరే ఈ చివరి వ్యాస సంపుటికి పెట్టుకున్నారు. అమెరీ చెప్పినదానిలో ఎక్కువ భాగాన్ని ఆయన ఒప్పుకుంటారు. చేతిపని రాని చదువరి అక్కడ త్వరగా కూలిపోయాడన్నది నిజమేననీ, మత విశ్వాసమో రాజకీయ విశ్వాసమో ఉన్నవారే మెరుగ్గా తట్టుకున్నారనీ అంటారు. తరువాత తన తొలి పుస్తకం తిరగేసి, సూప్ ఇచ్చేస్తానన్న వాక్యం దగ్గర ఆగి, నలభై ఏళ్లనాటి ఆ మాటకు తానే సాక్ష్యం చెబుతారు: అందులో అబద్ధమూ లేదు, అతిశయోక్తీ లేదు, ఆ పాదాల కోసం రొట్టె, సూప్, అంటే నెత్తురే, నిజంగా ఇచ్చి ఉండేవాడినని.

అంతటితో ఆగక, ఆనాడు తనతో సూప్ మోసిన జాఁ జ్ఞాపకాన్ని కూడా లెవీ ముందుంచారు. యుద్ధం తరువాత వారిద్దరూ కలుసుకుని స్నేహితులయ్యారు. ఆ మధ్యాహ్నం జాఁకు బాగానే గుర్తుంది కాని, అప్పట్లో అతనికి దాంతే మీద ఆసక్తి లేదట. సూప్ మోసే కర్రలు భుజాన పెట్టుకుని, అరగంటలో తన భాషనూ, దాంతేనూ, బడి చదువులో మిగిలిన తునకలనూ తనకు అందించాలని తంటాలు పడుతున్న లెవీనే అతడు చూస్తూ నడిచాడట.